ఎంపిక వేరు, కేటాయింపు వేరు: సైన్యంలో ఎవరికి ఏ పని అన్నది ఎలా తేలుస్తారు

విశాఖలో ఉంటూ కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళనివారు తక్కువ. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన ఆ 91 మీటర్ల ఇనుప గొట్టం 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. అప్పట్లో అందులో డెబ్బై మందికి పైగా ఉండేవారు. ముందు గదిలో టార్పెడోలు, నడుమ కంట్రోల్ రూమ్, వెనక్కి పోతే డీజిల్ ఇంజన్లు, మోటార్లు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని గంటల తరబడి సముద్రం చప్పుడు వినేవాడిది ఒక పని. ఇంజన్ గది ఉక్కలో వాల్వులు తిప్పేవాడిది ఇంకో పని. సామాను లెక్క తప్పకుండా రాసి ఉంచేవాడిది మరో పని. అందరూ దాదాపు ఒకేలాంటి పరీక్షలు రాసి, ఒకేలాంటి పరుగు పరిగెత్తి వచ్చినవాళ్ళే. మరి ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరు, దేన్నిబట్టి నిర్ణయిస్తారు?

కుర్రాళ్ళను నాలుగేళ్ళ సేవకు అగ్నివీరులుగా తీసుకునే అగ్నిపథ్ పథకం 2022 జూన్‌లో వచ్చిన దగ్గర్నుంచి ఉత్తరాంధ్ర కుర్రాళ్ళలో ఈ ప్రశ్న గట్టిగా వినిపిస్తోంది. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో పరుగు ప్రాక్టీసు చేసేవారిని అడిగితే రెండు మాటలు తప్పకుండా చెబుతారు. ఒకటి, మార్కులు ఎక్కువొస్తే మంచి బ్రాంచి వస్తుందని. రెండోది, సైకాలజీ పరీక్ష అంటే బుర్ర సరిగా ఉందో లేదో చూడటమని. మొదటిది సగమే నిజం. రెండోది అసలు నిజం కాదు.

ఆప్టిట్యూడ్ అంటే అభిరుచి కాదు, ఒడుపు

ఆప్టిట్యూడ్ అన్న మాటను తెలుగులో చాలాచోట్ల అభిరుచి అని రాస్తుంటారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది. అభిరుచి అంటే ఇష్టం. పాటలంటే ప్రాణం పెట్టేవాడికి శ్రుతి పట్టుబడకపోవచ్చు, ఇంజన్లంటే పడిచచ్చేవాడు నట్టు బిగించడంలో తడబడవచ్చు. దీనికి దగ్గరగా ఉన్న మన మాట ఒడుపు. ఇంకా సరిగా చెప్పాలంటే, నేర్పితే ఒడుపు ఎంత త్వరగా పట్టుకుంటాడన్నది.

కాబట్టి మూడింటిని విడదీసి చూడాలి. ఇప్పటికే ఏం తెలుసో చూసేది జ్ఞాన పరీక్ష, పదో తరగతి లెక్కల పేపరు లాంటిది. నేర్పితే ఎంత తొందరగా వస్తుందో అంచనా వేసేది ఆప్టిట్యూడ్ పరీక్ష. ఒత్తిడిలో, కొత్తచోట, పదిమంది మధ్య ఎలా ఉంటాడో చూసేది వ్యక్తిత్వ పరీక్ష. మన వాయుసేన ఎయిర్‌మెన్ ఎంపికలో అడాప్టబిలిటీ టెస్ట్ ఒకటి, రెండు అని జరిపేవి, ఈమధ్య ఆర్మీ అగ్నివీర్ ర్యాలీల్లో చేర్చిన అడాప్టబిలిటీ పరీక్ష ఈ మూడో రకానికి చెందుతాయి. వేరే వాతావరణంలో, సైనిక జీవితంలో ఇమడగలడా అన్నదే అక్కడి ప్రశ్న.

మొదటి రెంటికీ మధ్య గీత మాత్రం పేరులో ఉన్నంత స్పష్టంగా ఉండదు. పన్నెండు పళ్ళున్న గేరు ముప్పై ఆరు పళ్ళున్న గేరును తిప్పుతుంటే రెండోది ఎంత వేగంగా తిరుగుతుంది? మూడో వంతు వేగంతో. ఇది ఒడుపును కొలిచే ప్రశ్నే. కానీ కంచరపాలెం ఐటీఐలో చదివిన పిల్లాడు దీన్ని వందసార్లు చూసి ఉంటాడు. సైకిలు గొలుసు కూడా ఎన్నడూ విప్పి చూడని పిల్ల ఇక్కడే మొదటిసారి ఆలోచించాలి. ఒకే జవాబు, కానీ వెనకున్న కథలు రెండు.

మొదటి మెట్టు: తీసుకోవాలా వద్దా

మన దేశంలో సిపాయి, నావికుడి స్థాయిలో జరిగే పరీక్షల్లో ఎక్కువ భాగం ఈ మెట్టుకు సంబంధించినవే. నౌకాదళంలో ఎస్ఎస్ఆర్ (సీనియర్ సెకండరీ రిక్రూట్), ఎంఆర్ (మెట్రిక్ రిక్రూట్) అని రెండు ప్రవేశ మార్గాలున్నాయి. ఎస్ఎస్ఆర్‌కు లెక్కలు, సైన్సు చదివిన ఇంటర్‌వాళ్ళు కావాలి. ఎంఆర్‌కు పదో తరగతి చాలు. అందులోంచి వంట, స్టీవార్డు (వడ్డన) వంటి పనులకు వెళ్తారు. ఆర్మీలో జనరల్ డ్యూటీ, టెక్నికల్, క్లర్క్ లేదా స్టోర్‌కీపర్, ట్రేడ్స్‌మన్ అని కేటగిరీలు. జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం కావాలి. క్లర్కుకు ఇంటర్‌లో మొత్తం 60 శాతం, ఒక్కో సబ్జెక్టులో 50 శాతం ఉండాలి.

గమనించాల్సిందేమిటంటే, ఇక్కడ కేటాయింపులో సగం పని పరీక్ష కంటే ముందే అయిపోయింది. ఏ సర్టిఫికెట్ ఉంది, ఏ కేటగిరీకి దరఖాస్తు పెట్టాడు అన్నవాటితోనే దారి చాలావరకు ఖాయమవుతుంది. 2025 నుంచి ఆర్మీలో ఒకే అభ్యర్థి రెండు కేటగిరీలకు పెట్టుకునే వీలు కల్పించడం ఈ బిగువును కొంచెం సడలించడమే. నౌకాదళంలో మిగతా సగం తర్వాత జరుగుతుంది. ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో తొలి శిక్షణ, ఆపైన కేటాయించిన ట్రేడును, అంటే పని విభాగాన్ని, బట్టి వేర్వేరు కేంద్రాల్లో వృత్తి శిక్షణ. ట్రేడు కేటాయింపు దళ అవసరాలను బట్టి ఉంటుందని నోటిఫికేషన్లలోనే రాస్తారు. ఆ ఒక్క వాక్యాన్ని కోచింగ్ సెంటర్లలో ఎవరూ చదివి వినిపించరు.

అమెరికా సైన్యం ఇదే పనిని మరోలా చేస్తుంది. అక్కడ ఆస్వాబ్ అనే ఒకే పరీక్షల కట్ట ఉంది. 1976 నుంచి అన్ని దళాలూ దాన్నే వాడుతున్నాయి. అందులో సైన్సు, లెక్కల తర్కం, పదజ్ఞానం, పేరా చదివి అర్థం చేసుకోవడం, గణితం, ఎలక్ట్రానిక్స్, వాహనాలు, పనిముట్లు, యంత్రాల అవగాహన, ముక్కలు కలిపి బొమ్మ కట్టడం వంటి విభాగాలుంటాయి. వీటిలో లెక్కలు, భాష విభాగాలను కలిపితే వచ్చే అంకె సైన్యంలోకి తీసుకోవాలా వద్దా చెబుతుంది. అవే విభాగాలను వేరే వేరే కలయికల్లో కూడితే ఏ పనికి పంపాలో చెబుతుంది. ఎలక్ట్రానిక్స్ పనికి ఒక కూడిక, మెకానిక్ పనికి ఇంకో కూడిక. పరీక్ష ఒకటే అయినా అందులోంచి పది రకాల జవాబులు తీస్తారన్నమాట.

24కు 24 ఎందుకు సమానం కాదు

ఈఏపీసెట్ రాసిన ఇంట్లో నార్మలైజేషన్ అన్న మాట కొత్తకాదు. ఉదయం షిఫ్టు పేపరు కష్టంగా, మధ్యాహ్నం పేపరు తేలిగ్గా వస్తే మార్కులను సరిచేస్తారు కదా. ఒకే మనిషి రాసిన రెండు విభాగాలను పోల్చడానికీ అదే కావాలి.

ఒక అబ్బాయికి లెక్కల్లో 30కి 24, యంత్రాల అవగాహనలో 30కి 24 వచ్చాయనుకుందాం. రెండూ సమానమేనా? లెక్కల్లో అందరి సగటు 18, యంత్రాల్లో 22, రెండింట్లోనూ మార్కుల చెదురు, అంటే ప్రామాణిక విచలనం, 4 అనుకుందాం. లెక్కల్లో అతను సగటుకు 6 మార్కులు పైన ఉన్నాడు. 6ను 4తో భాగిస్తే ఒకటిన్నర. యంత్రాల్లో 2 మార్కులే పైన, భాగిస్తే అర. సగటును 50గా, ఆ 4 మార్కుల ఒక్కో మెట్టును 10గా పెట్టుకునే స్కేలు మీద లెక్కల్లో అతనికి 65, యంత్రాల్లో 55. ఆస్వాబ్ విభాగాల స్కోర్లు ఈ స్కేలు మీదే ఉంటాయి.

ఇంత చిన్న లెక్కలో తప్పు జరిగితే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1976 జనవరిలో ఆస్వాబ్ కొత్త పేపర్లు తెచ్చినప్పుడు పాత స్కేలుతో వాటిని సరిపోల్చే పట్టికలో పొరపాటు జరిగింది. తక్కువ స్కోరు చేసినవారికి ఉన్నదానికంటే ఎక్కువ వచ్చినట్టు చూపించింది. 1980 అక్టోబరులో కొత్త పేపర్లు వచ్చేదాకా అది అలాగే నడిచింది. అడుగు శ్రేణివాళ్ళు పదిమందిలో ఒక్కరే అనుకున్న అమెరికా ఆర్మీ, లెక్క సరిచేసి చూసుకుంటే ఆఖరి ఏడాది చేరినవారిలో దాదాపు సగం ఆ శ్రేణివారేనని తేలింది. ఈ మధ్యలో మామూలుగా అయితే చేరలేనివారు మూడు లక్షలకు పైగా లోపలికి వచ్చేశారు.

దీన్ని పరీక్షల వైఫల్యంగా చెప్పేవారున్నారు. నాకైతే అంతకంటే ఆసక్తి కలిగించేది తర్వాత జరిగిన పని. పొరపాటున చేరిన ఆ సైనికులు ఎలా పనిచేశారో పరిశోధకులు వెంటపడి చూశారు. సగటున వాళ్ళు కొంత వెనకబడ్డారు, కానీ వాళ్ళలో చాలామంది పని బాగానే చేశారు. స్కోరు గుంపు గురించి చెప్పే నిజం, ఒక్క మనిషి గురించి చెప్పలేకపోయింది.

పరీక్ష ఎంతవరకు ముందే చెప్పగలదు

వందమంది శిక్షణకు వచ్చారు. పరీక్ష లేకుండా అందరినీ పంపితే 60 మంది నెగ్గుతారు, 40 మంది ఓడిపోతారు అనుకుందాం. ఇప్పుడు ఒక మోస్తరు మంచి పరీక్ష పెట్టి, పై 50 మందిని మాత్రమే తీసుకున్నాం. ఆ 50లో 40 మంది నెగ్గారు. అంటే ఓటమి నూటికి 40 నుంచి 20కి పడిపోయింది. బానే ఉంది. కానీ మనం పక్కన పెట్టిన 50 మందిలో, పంపి ఉంటే నెగ్గేవాళ్ళు 20 మంది ఉన్నారు.

కటాఫ్ ఇంకా పెంచి 25 మందినే తీసుకుంటే 22 మంది నెగ్గవచ్చు, ఓటమి 12 శాతానికి దిగుతుంది. అప్పుడు వదిలేసిన మంచివాళ్ళు 38 మంది. పైగా సీట్లు 50 ఉంటే అవి నింపడానికి రెండు వందల మందికి పరీక్ష పెట్టాలి. లక్షల్లో దరఖాస్తులొచ్చే మన దేశంలో కటాఫ్ పెంచడం సులువు, సైన్యంలోకి రమ్మని బతిమాలుకునే దేశంలో కష్టం. అందుకే ఒక దేశపు కటాఫ్ పక్క దేశానికి పనికిరాదు.

ఇందులో ఒక దొంగ లెక్క కూడా ఉంది. పరీక్ష పనిచేస్తోందా అని చూడటానికి సాధారణంగా ఎంపికైనవాళ్ళ ఫలితాలే ఉంటాయి. అందరూ పై మార్కులవాళ్ళే కాబట్టి వాళ్ళలో వాళ్ళకు తేడా కొద్దిగానే కనిపిస్తుంది, పరీక్ష దేనికీ కొరగాదేమో అనిపిస్తుంది. ఆరడుగులు దాటినవాళ్ళనే బాస్కెట్‌బాల్ జట్టులోకి తీసుకుని, తర్వాత ఎత్తుకూ ఆటకూ సంబంధం లేదని తేల్చడం లాంటిది ఇది.

ఈ చిక్కును రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళం మొండిగా విప్పింది. పైలట్ అభ్యర్థులకు పరీక్షలు పెట్టి ఒకటి నుంచి తొమ్మిది దాకా గ్రేడు ఇచ్చేవారు, ఒకటి అట్టడుగు, తొమ్మిది అన్నిటికంటే మేలు. 1943లో వెయ్యికి పైగా అభ్యర్థులను గ్రేడు చూడకుండా, అట్టడుగు గ్రేడువాళ్ళతో సహా, అందరినీ శిక్షణకు పంపారు. ఖరీదైన ప్రయోగమే, కానీ పరీక్ష విలువ అప్పుడే నికరంగా తేలింది. ఆ కార్యక్రమం మొత్తం మీద వచ్చిన లెక్కల్లో, తొమ్మిదో గ్రేడువాళ్ళలో శిక్షణ మధ్యలో ఆగిపోయినవారు నూటికి 4 మంది, ఒకటో గ్రేడువాళ్ళలో 77 మంది.

మన దేశంలో పైలట్ ఎంపికకు వాడే సీపీఎస్ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష ఆ వంశంలోదే. పరికరాల ముందు కూర్చోబెట్టి చెయ్యి, కాలు, కన్ను కలిసి ఎలా పనిచేస్తాయో చూస్తారు. దాన్ని జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. పాసవకపోతే పైలట్ శాఖకు మళ్ళీ దారి లేదు. అన్యాయంగా అనిపించినా కారణం ఉంది. ఇలాంటి పనులు రెండోసారి, మూడోసారి చేస్తే చేతికి అలవాటు పడి స్కోరు పెరుగుతుంది. అప్పుడు కొలిచేది ఒడుపును కాదు, అలవాటును.

తెలుగు మీడియం అడ్డు

1917-19 మధ్య అమెరికా సైన్యం పదిహేడు లక్షల మందికి పైగా పరీక్షలు పెట్టింది. చదువొచ్చినవాళ్ళకు ఆల్ఫా, చదువురానివాళ్ళకూ ఇంగ్లీషు రానివాళ్ళకూ బొమ్మలతో బీటా. ఆలోచన మంచిదే. కానీ ఆల్ఫాలో ఆ దేశపు సరుకుల పేర్లు, ఆటల సంగతులు అడిగారు. బీటాలోని బొమ్మలు కూడా అమెరికా ఇళ్ళలో పెరిగినవాళ్ళకే తెలిసినవి. కొత్తగా వలస వచ్చినవాళ్ళకు తక్కువ రావడాన్ని తెలివితక్కువతనంగా చదివారు. ఆ తప్పుడు చదువు తర్వాత దశాబ్దాల పాటు చాలా హాని చేసింది.

దాన్ని మన ఊరికి తెచ్చి చూడండి. ఫిషింగ్ హార్బర్‌లో మరపడవ ఇంజను విప్పి బిగించే కుర్రాడికి పుల్లీ, గేరు, పంపు గురించి చెప్పాల్సిన పని లేదు. అదే ప్రశ్నను ఇంగ్లీషులో నాలుగు వరుసల వాక్యంగా అడిగితే నలభై సెకన్లలో జవాబు పెట్టలేడు. అప్పుడు పేపరు కొలిచింది చదివే వేగాన్ని. ఆర్మీ ఉమ్మడి ప్రవేశ పరీక్షను 2025 నుంచి తెలుగుతో కలిపి పదమూడు భాషల్లో పెట్టడం అందుకే పెద్ద మార్పు.

దీనిమీద ఎదుటి వాదననూ వినాలి. శిక్షణ పుస్తకాలు, యంత్రాల మీది హెచ్చరికలు, నౌక మీద ఆదేశాలు తెలుగులో ఉండవు. భాష రాకపోతే ఒడుపు ఉన్నా శిక్షణలో తడబడతాడు, అగ్నిప్రమాదం వేళ ఆదేశం అర్థం కాకపోతే పక్కవాడి ప్రాణానికే ముప్పు అంటారు శిక్షకులు. నిజమే. అయితే అది భాషను విడిగా కొలవడానికి కారణమవుతుంది తప్ప, యంత్రాల ప్రశ్నలో భాషను కలిపేయడానికి కాదు. కలిపేస్తే ఏది తక్కువో తెలియదు. భాష ఆరు నెలల్లో నేర్పవచ్చు, ఒడుపును అంత తేలిగ్గా నేర్పలేం.

పనిముట్లతో పరిచయాన్ని కొలిచే విభాగాలదీ ఇదే గొడవ. ఆటోనగర్‌లో పెరిగినవాడికి అవి తేలిక, అమ్మాయిలకు సాధారణంగా కష్టం. పరిచయం ఉన్నవాడు త్వరగా నేర్చుకుంటాడు కాబట్టి ఆ మార్కులకు విలువుందని ఒకరు, అవకాశం దొరకనివారిని మరోసారి బయటికి తోస్తున్నారని ఇంకొకరు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ముక్కలు కలిపే బొమ్మల వంటి, ముందు పరిచయం అక్కర్లేని ప్రశ్నలు చేర్చడం ఒక మధ్యేమార్గం.

రెండో మెట్టు: ముగ్గురు మనుషులు, మూడు పనులు

ఇక అసలు సంగతి, తీసుకున్నవాళ్ళలో ఎవరికి ఏ పని అన్నది. గాజువాక అబ్బాయి, భీమిలి అబ్బాయి, అనకాపల్లి అబ్బాయి. మూడు ఖాళీలు: సోనార్ (సముద్రంలో చప్పుళ్ళు విని పసిగట్టే పని), ఇంజన్ గది, స్టోర్స్ (సామాను లెక్క). సోనార్‌కు సన్నని స్వరభేదాన్ని పట్టే చెవి, గంటల తరబడి చెదరని ధ్యాస కావాలి. ఇంజన్ గదికి యంత్రాల అవగాహన, స్టోర్స్‌కు అంకెలు తప్పు పోకుండా వేగంగా సరిచూసే నేర్పు కావాలి. పరీక్షలను బట్టి ఎవరు ఏ పని ఎంత బాగా చేయవచ్చో అంచనా వేశామనుకుందాం. ఇవి కల్పించిన అంకెలు.

గాజువాక అబ్బాయి: సోనార్ 90, ఇంజన్ 85, స్టోర్స్ 80.
భీమిలి అబ్బాయి: సోనార్ 85, ఇంజన్ 60, స్టోర్స్ 70.
అనకాపల్లి అబ్బాయి: సోనార్ 60, ఇంజన్ 50, స్టోర్స్ 65.

కౌన్సెలింగ్ పద్ధతిలో మెరిట్ వరుసగా పిలిస్తే గాజువాక అబ్బాయి సోనార్ తీసుకుంటాడు. భీమిలి అబ్బాయి మిగిలినవాటిలో తనకు నప్పే స్టోర్స్ ఎంచుకుంటాడు. అనకాపల్లి అబ్బాయికి ఇంజన్ గది మిగులుతుంది. మొత్తం 90, 70, 50 కలిపి 210. ఇంజన్ గదికి కనీసం 60 ఉండాలన్న నియమం ఉంటే ఆ పిల్లాడు శిక్షణలోనే ఆగిపోతాడు.

మరోలా చూద్దాం. గాజువాక అబ్బాయి ఇంజన్ గదికి, భీమిలి అబ్బాయి సోనార్‌కు, అనకాపల్లి అబ్బాయి స్టోర్స్‌కు. 85, 85, 65 కలిపి 235. మనుషులు మారలేదు, ఖాళీలు మారలేదు, 25 పాయింట్లు పెరిగాయి. ఎవరూ కనీసానికి కింద లేరు. ముగ్గురికి ముగ్గురు అయితే కాగితం మీద ఆరు అమరికలు రాసి చూసుకోవచ్చు. పదిమందికి పది పనులైతే అమరికలు ముప్పై ఆరు లక్షలు దాటుతాయి, అక్కడ కంప్యూటరు పని.

మెరిట్ ఉన్నవాడికి అతనికి బాగా వచ్చిన పనే ఇవ్వాలన్నది మన మనసులో నాటుకుపోయిన న్యాయం. కేటాయింపు లెక్కకు ఆ న్యాయంతో పనిలేదు. అది చూసేది, ఇతన్ని ఇక్కడినుంచి తీస్తే ఎంత పోతుంది, ఆ స్థానంలో ఇంకొకరిని పెడితే ఎంత వస్తుంది అని. గాజువాక అబ్బాయి ఎక్కడైనా రాణిస్తాడు, అదే అతనికి ఎదురుతిరిగింది. భీమిలి అబ్బాయి విలువంతా ఆ చెవిలోనే ఉంది.

ఈ లెక్క పనిచేయాలంటే ఒక షరతు ఉంది. పరీక్షలు మనుషుల మధ్య ఎక్కువ తక్కువలనే కాకుండా, ఒకే మనిషిలో ఏది ఎక్కువో కూడా పట్టుకోవాలి. ఇక్కడ నిపుణులు రెండుగా చీలిపోయారు. సాధారణ తెలివే ముప్పాతిక మువ్వీసం పని చేస్తుంది, ప్రత్యేక సామర్థ్యాల పరీక్షలు దానిమీద కలిపేది కొంచెమేనని ఒక వర్గం. ఆ కొంచెమే వేలమంది మీద పెద్ద మొత్తమవుతుంది, పైగా చెవి, చెయ్యి, కన్ను నేర్పులు కాగితం పరీక్షల్లో అసలు కనబడవని రెండో వర్గం. 1980లలో అమెరికా ఆర్మీ చేసిన ప్రాజెక్ట్ ఏ అనే పెద్ద అధ్యయనం ఈ వాదనకు మరో కోణం చేర్చింది. సాంకేతికంగా పని చేయగలడా అన్నదాన్ని తెలివి పరీక్షలు బాగా చెప్పాయి. శ్రద్ధ పెడతాడా, క్రమశిక్షణతో ఉంటాడా అన్నదాన్ని స్వభావ ప్రశ్నలు మెరుగ్గా చెప్పాయి. చేయగలగడం, చేయాలనుకోవడం రెండూ వేరే తూనికరాళ్ళు.

గాజువాక అబ్బాయికి సోనారే కావాలంటే

అగ్నివీర్ సేవ నాలుగేళ్ళు, శిక్షణ అందులోనే. గరిష్ఠంగా 25 శాతం మందిని ఆ తర్వాత కొనసాగిస్తారు. పాత పద్ధతిలో పదిహేనేళ్ళు ఉండే నావికుడిని తప్పు ట్రేడులో వేసి, ఆరు నెలల తర్వాత మార్చితే పోయింది ముప్పయ్యో వంతు. ఇప్పుడు అదే ఆరు నెలలు ఎనిమిదో వంతు. మొదటిసారే సరిగ్గా వేయాల్సిన అవసరం అంత పెరిగింది. ఇష్టంలేని పనిలో పడ్డవాడు నాలుగో ఏట కొనసాగింపు జాబితాలో ఉండాలని తపిస్తాడా అన్నదీ లెక్కలోకి రావాలి.

ఇష్టాన్ని అంకెగా మార్చడం సాధ్యమే. ఇష్టపడ్డ పనికి కొన్ని పాయింట్లు కలిపి మళ్ళీ లెక్క వేస్తారు. పై ఉదాహరణలో గాజువాక అబ్బాయిని సోనార్‌లో ఉంచితే వచ్చే మంచి అమరిక 90, 60, 65 కలిపి 215. అసలు అమరిక 235. అంటే అతని ఇష్టానికి 20 పాయింట్ల కంటే ఎక్కువ వెల కడితేనే సోనార్ అతనికి దక్కుతుంది. 15 కలిపితే దక్కదు. భీమిలి అబ్బాయి కూడా సోనారే కోరుకుంటే ఆ 20 కూడా చాలదు. ఇష్టానికి 10 ఇవ్వాలా 25 ఇవ్వాలా అన్నది ఏ పరీక్షా చెప్పదు. అది నౌక నడిపేవారు, శిక్షణ ఇచ్చేవారు కూర్చుని పెట్టుకోవాల్సిన ధర.